కొమ్మ ఇస్తే మల్లె మిగిలింది



ఈ మధ్య కలిసిన ప్రతివాళ్ళూ నన్ను ఒకే మాట అడుగుతున్నారు: "మీ ఇంట్లో మల్లె విరగబూస్తోందట కదా, మేం కొమ్మ పెడితే వారానికే ఎండిపోతోంది. కిటుకేమిటండీ?" అని. ముందే చెప్పేస్తున్నాను, నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాదు. పగలల్లా కంప్యూటరు ముందు కూర్చుని క్లయింట్ల చేత అక్షింతలు వేయించుకునే మామూలు కన్సల్టెంటుని. కాకపోతే కొమ్మల్ని చంపడంలో నాకు మంచి అనుభవం ఉంది. ఆ అనుభవమే ఈ పది నిమిషాలూ మీతో పంచుకుంటాను.

2016 వేసవిలో మా అమ్మ మొదటిసారి న్యూజెర్సీ వచ్చింది. మాది కడియం దగ్గర పల్లె. కడియం, కడియపులంక నర్సరీల సంగతి మీకు తెలిసిందే. ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి మొక్క కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఓ స్నేహితుడింట్లో భోజనానికి వెళితే, అన్నం సంగతి మరిచిపోయి వాళ్ళ డెక్ మీద బొడ్డుమల్లె దగ్గర నిలబడిపోయింది. వచ్చేటప్పుడు అడిగి మూడు కొమ్మలు తెచ్చింది. "రెండు నేను పెడతానమ్మా" అని తీసుకున్నాను. పెద్ద కుండీ, పెరట్లో తవ్విన మట్టి, మంచి ఎండ, పైగా గుప్పెడు ఎరువు. వేళ్ళొచ్చాయా లేదా అని రోజూ పొద్దున్నే కొంచెం పైకి లాగి చూసేవాణ్ణి. పది రోజుల్లో రెండూ పుల్లలయ్యాయి. అమ్మ పెట్టిన మూడోది మాత్రం నవనవలాడుతోంది.

"ఒరేయ్, కొమ్మకి వేళ్ళు లేవురా. నోరు లేనిదానికి పులిహోర పెడితే ఏం తింటుంది? వేళ్ళొచ్చేదాకా ఆరిపోకుండా, కుళ్ళిపోకుండా చూడు. అంతే" అంది.

మొత్తం విద్య ఈ ఒక్క మాటలో ఉందండి. ఆకులు అనుక్షణం నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. ఆ నీటిని కింద నుంచి పూడ్చడానికి వేళ్ళు లేవు. ఎండలో పెడితే ఆకులు తొందరగా ఆరిపోతాయి. పోనీ కదా అని మట్టిని బురద చేస్తే గాలి ఆడక కోసిన చోట కుళ్ళుతుంది. మనం చేసే ప్రతి పనీ ఈ రెండింటి మధ్య నెట్టుకురావడానికే. మన ఊళ్ళో కొమ్మ పై చివర పేడముద్ద పెట్టేవారు, గుర్తుందా? కోసిన చోట నుంచి తడి పోకుండా అదొక మూత.

ఇక పద్ధతి చెబుతాను. మల్లెకి జూన్ నుంచి ఆగస్టు దాకా మంచి కాలం. పొద్దున్నే, ఎండ రాకముందు కొయ్యండి. ముందురోజు తల్లిమొక్కకి బాగా నీళ్ళు పొయ్యండి. కొమ్మ మరీ లేతగా ఉండకూడదు, మరీ ముదురు చెక్కా అయిపోకూడదు. నాలుగు నుంచి ఆరు అంగుళాల పొడవు, రెండు మూడు కణుపులు ఉంటే చాలు. అడుగున కణుపుకి కాస్త కిందుగా పదునైన కత్తెరతో కొయ్యండి, ఎందుకంటే వేళ్ళు ఆ కణుపు దగ్గర తేలిగ్గా పుడతాయి. కత్తెరని ముందుగా స్పిరిట్‌తో తుడవండి. కింది ఆకులు తీసేసి పైన రెండో నాలుగో ఉంచండి. మొగ్గలుంటే మొహమాటపడకుండా గిల్లెయ్యండి. లేకపోతే ఉన్న కాస్త బలం పువ్వుకి పోతుంది.

మట్టి బదులు సగం పెర్లైట్, సగం పీట్ మాస్ కలపండి. హార్డ్‌వేర్ దుకాణాల తోట విభాగంలో రెండూ దొరుకుతాయి. తడిపి, పిడికిట్లో పిండితే నీళ్ళు కారనంత తడి ఉంచండి. అడుగున చిల్లులున్న చిన్న కప్పులో పుల్లతో కన్నం చేసి కొమ్మ దించండి. పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచి కప్పండి. సంచి ఆకులకి తగలకుండా రెండు పుల్లలు ఆసరా పెట్టండి. వెలుతురు బాగా ఉండి ఎండ పడని కిటికీ దగ్గర పెట్టండి. డెబ్భై, డెబ్భై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి బాగుంటుంది. ఎరువు వద్దు.

వేళ్ళ పొడి వాడాలా అని అడుగుతారు. మొక్కలో సహజంగానే ఆక్సిన్ అనే పదార్థం వేళ్ళు పుట్టిస్తుంది. అలాంటి పనే చేసే ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం గురించి మన పక్కనే ఉన్న యాంకర్స్ ఊళ్ళోని బాయిస్ థాంప్సన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 1935లో ప్రకటించారు. పొడి డబ్బాల్లో ఎక్కువగా ఉండేది అదే. మల్లెకి తప్పనిసరి కాదు, వాడితే తొందరగా పడతాయి. కొంచెం పొడి మూతలో పోసుకుని కొమ్మ చివర అద్ది, విదిలించండి. డబ్బాలో నేరుగా ముంచితే మిగతా పొడి పాడవుతుంది. తినే ఆకులకి మాత్రం వద్దు.

తర్వాత కష్టమైన పని ఒకటుంది. ఏమీ చెయ్యకపోవడం! రెండో వారంలో చిన్న చిగురు కనిపిస్తే గంతులెయ్యకండి. కొమ్మలో దాచుకున్న బలంతో వేళ్ళు లేకుండా కూడా చిగురు వేస్తుంది. నాలుగైదు వారాలయ్యాక మెల్లగా కదిపి చూడండి. పట్టు తెలిస్తే వేళ్ళొచ్చినట్టే. అప్పుడు కూడా సంచి ఒక్కసారిగా తీయకండి. రోజూ కాస్త కాస్త ఎక్కువసేపు తెరుస్తూ వారంలో గాలికి అలవాటు చేసి, ఆ తర్వాత కుండీ మార్చండి.

ఇదంతా మా వల్ల కాదనుకుంటే నేల అంటు తొక్కండి. మల్లె తీగని వంచి, పక్క కుండీ మట్టిలో ఒక కణుపు పూడ్చి రాయి పెట్టండి. వేళ్ళొచ్చేదాకా తల్లే నీళ్ళిస్తుంది. వచ్చాక కోసి వేరు చెయ్యొచ్చు. తులసి, పుదీనా, వామాకు అయితే గ్లాసుడు నీళ్ళు చాలు. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చండి, వేళ్ళు అంగుళం దాటగానే మట్టిలోకి దించండి. తులసికి వెన్నులు రాని కొమ్మ తీసుకోండి.

కరివేపాకు మాత్రం కొమ్మతో మొండికేస్తుంది. తల్లిచెట్టు పక్కన వచ్చే పిలకలో, తాజా గింజలో నయం. దయచేసి ఇండియా నుంచి సూట్‌కేసులో మాత్రం తేకండి. నిమ్మజాతి చెట్లని చంపే తెగులుని మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ పురుగు 1998లో, తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు ఎంత నష్టపోయాయో రైతులనడగాలి.

మళ్ళీ మా మల్లె దగ్గరికి వస్తాను. అమ్మ పెట్టిన కొమ్మ ఏడాదికి గుబురైంది. 2017 వేసవిలో అమ్మ ఫోనులో "కొమ్మలు కోసి నలుగురికీ ఇయ్యరా" అంది. నాకు మనసొప్పలేదు, మొక్క చిక్కిపోతుందని. పోరు పడలేక పక్క వీధి అక్కయ్యగారికి ఒకే ఒక్కటి ఇచ్చాను. ఆ డిసెంబరులో మూడు వారాలు ఇండియా వెళ్ళాం. హీటరు తగ్గించి, కుండీ కిటికీ పక్కనే వదిలేశాం. 2018 జనవరి మొదట్లో ఇక్కడ ఎంత చలి పడిందో మీకు గుర్తుండే ఉంటుంది. తిరిగొచ్చేసరికి ఆకులు నల్లబడి, మొక్క మొదలంటా పోయింది. అమ్మకి చెప్పడానికి పది రోజులు నోరు రాలేదు.

ఉద్యోగంలో రోజూ అందరికీ బ్యాకప్ తీసుకోమని చెప్పేవాణ్ణి, ఇంట్లో తీసుకోలేదు. కాదు, ఒకటి ఉంది, నాకే గుర్తు లేదు. జూన్‌లో అక్కయ్యగారు చిన్న కుండీ పట్టుకుని వచ్చారు. "మీ అమ్మగారి మల్లెకి అంటు తొక్కానండీ, ఇది మీది" అన్నారు.

కొమ్మతో వచ్చిన మొక్క తల్లికి పిల్ల కాదు, ఆ తల్లిమొక్కే. అంటే మా ఇంట్లో ఇవాళ పూస్తున్నది అమ్మ తన చేత్తో నాటిన ఆ మల్లెచెట్టే. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఇప్పుడు ఇంత దూరం ప్రయాణం చెయ్యలేదు. వీడియోలో పువ్వులు చూపిస్తే బాగున్నాయని అనదు. "ఈ ఏడు ఎంతమందికి ఇచ్చావ్?" అంటుంది.

కాబట్టి ఈ వారాంతం మీ మొక్క బాగున్నప్పుడే మూడు కొమ్మలు కొయ్యండి. ఒకటి మీకు, ఒకటి పోతే పోవడానికి, ఒకటి పక్కింటివాళ్ళకి. సెలవు.