కథలో చిన్న పాత్ర



మొన్న మా అమ్మాయికి స్కూల్లో హోంవర్కు ఇచ్చారు. ఒక కథ తీసుకుని ముఖ్యపాత్ర ఎవరు, మారే పాత్ర ఎవరు, మారని పాత్ర ఎవరు రాయాలట. నేను గురజాడ వారి 'కన్యాశుల్కం' చెప్పాను. 1897లో అచ్చయి, 1909లో బాగా పెరిగి మళ్ళీ వచ్చిన నాటకం.

గిరీశం మారని పాత్ర, మొదటినుంచి చివరిదాకా మాటలతోనే బతికేస్తాడు. డబ్బుకి ఆశపడి చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి ఇస్తానని కథకి ముడి వేసేది అగ్నిహోత్రావధాన్లు. చిక్కు విప్పడంలో పెద్ద చెయ్యి మధురవాణిది.

"మరి సుబ్బి?" అంది.

"చిన్న పాత్రేనమ్మా."

"పెళ్ళి తనకే కదా నాన్నా! తననెవరూ అడగరేం?"

నాకు మా నాయనమ్మగారి అక్క గుర్తొచ్చింది. పన్నెండేళ్ళకే భర్త పోయాడు. మా ఇంటి కథల్లో ఆవిడ వంటింట్లో ఉండే మనిషి, అంతే. పేరైనా చెప్పలేకపోయాను.

ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఇప్పుడా పేరు మా అమ్మాయి నోటుబుక్కులో ఉంది.

మీ ఇంట్లోనూ అలాంటి వారుంటారు. పిల్లలకి చెప్పండి. సెలవు.