మునెమ్మ, బొల్లిగిత్త: అద్భుతకథకు ఒక చిత్తూరు రూపం

ముగింపు ముందే తెలిసిన కథను జనం మళ్లీ ఎందుకు కోరుకుంటారన్న ప్రశ్నకు తిరుపతి గంగజాతర ఏటా ఒక జవాబు చెబుతూనే ఉంటుంది. ఆడపిల్లలను చెరబట్టిన పాలెగాడు గంగమ్మకు జడిసి దాక్కోవడం, ఆమె రోజుకో వేషంలో వెతికి చివరకు దొరవేషంలో వాడి తల తెగనరకడం ఊరంతటికీ తెలుసు. అయినా నామంసుద్ద పూసుకున్న బైరాగి, కుంకుమ పూసుకున్న బండ, బొగ్గు పూసుకున్న తోటి వీధుల్లోకి వచ్చినప్పుడు, పాలెగాడు దొరుకుతాడా లేదా అన్నది ఎవరికీ పట్టదు. వేషం ఎలా కుదిరిందన్నదే చూస్తారు. పునఃకథనం, అంటే పాతకథను కొత్త రచయిత తన కాలానికీ తన నేలకూ తగినట్టు తిరిగి చెప్పడం, పాఠకుడి నుంచి ఆశించేదీ ఇటువంటి చూపునే.

ఐరోపాలో ఈ తీరుకు పేరుపడ్డ ఉదాహరణ సుందరి, మృగం కథ. ఫ్రెంచి రచయిత్రి విల్‌నవ్ 1740లో దీర్ఘంగా చెప్పిన ఈ కథను 1756లో బోమోం కుదించగా, 1978లో రాబిన్ మెకిన్లీ ‘బ్యూటీ’ అనే నవలగా విస్తరించింది. జానపదకథల అంతర్జాతీయ వర్గీకరణలో ఇది 425వ సంఖ్య కిందికి వస్తుంది. జంతురూపంలో ఉన్న వరుడు, కనిపించకుండా పోయిన భర్తను వెతుకుతూ బయలుదేరే భార్య ఆ కథలకు ఆయువుపట్టు. పంచతంత్రపు ఒక పాఠంలో పామును పెళ్లాడిన పిల్ల కథ దీనికి దగ్గరి చుట్టమే.

చిత్తూరు జిల్లా తలుపులపల్లెలో పుట్టి, డిచ్‌పల్లిలో కుష్ఠువ్యాధి వైద్యుడిగా పనిచేసిన కేశవరెడ్డి (1946–2015) రాసిన ‘మునెమ్మ’ నవలను ఈ కథల పక్కన పెట్టి చదివితే దాని రుచి మారుతుంది. ఆయన ఆ పాశ్చాత్యకథను తిరగరాశాడని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు, పోలిక పాఠకుడు చేసుకునేదే. మునెమ్మ పట్ల బొల్లిగిత్త ప్రవర్తనను అనుమానించిన భర్త జయరాముడు దాన్ని చావబాది అమ్మకానికి తోలుకుపోతాడు, గిత్త తిరిగొస్తుంది గాని మనిషి తిరిగిరాడు. అప్పుడామె ఇంట్లో కూర్చుని ఏడవక, పిల్లవాడైన సినబ్బను వెంటబెట్టుకుని, గిత్త తోడుగా వెతకబోయి, భర్తను చంపినవాళ్లపై పగ తీర్చుకుంటుంది.

సుందరి కథలో మృగం చివరకు రాకుమారుడవుతుంది, దాంతో మృగాన్ని ప్రేమించడంలోని ఇబ్బంది కూడా తీరిపోతుంది. కేశవరెడ్డి పాఠకుడికి ఆ వెసులుబాటు ఇవ్వడు. బొల్లిగిత్త ఆది నుంచి అంతం వరకూ గిత్తే. మెట్టసేద్యపు ఇంట్లో ఎద్దు సగం ఆస్తి, సగం బంధువు కాబట్టి, ఆమెకూ దానికీ మధ్య ఉన్నదానికి పేరు పెట్టవలసిన అవసరం రచయితకు కనిపించినట్టు లేదు. కొందరు పాఠకులు తడబడేది ఇక్కడే, నవల బలమూ ఇక్కడే. సినబ్బ నోట కథ చెప్పించడం వల్ల ఆ మౌనం సహజంగా అమిరింది, ఎందుకంటే పిల్లవాడు చూసింది చెబుతాడు గాని దానికి వ్యాఖ్యానం చేయడు.

పగ తీరే ఘట్టంలో పోలీసు, కోర్టు ఎక్కడున్నాయని అడిగేవారు దాన్ని వాస్తవిక నవలగానే చదువుతున్నారన్నమాట. అద్భుతకథలో రాక్షసుడి చావుకు పంచనామా ఉండదు. రచయిత ఆ స్వేచ్ఛను తీసుకున్నాడు, అయితే అందుకు మంత్రదండం బదులు సంతలు, బేరాలు, పశువుల దారులు ఉన్న సొంత జిల్లానే వాడుకున్నాడు.