పళ్లెం ముందు కూర్చుని తినని పిల్ల



కర్నూలు జిల్లాలో ఆదోని, ఎమ్మిగనూరు, గూడూరు పక్కన ఆకలి సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. వానలు ముఖం చాటేసిన ఏడు ఇంటికి తాళం వేసి, గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలసకూలికి, పోయే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత. అందుకే ఇక్కడ పిల్ల చిక్కిపోతే రక్తం తక్కువనుకుంటారు, దిష్టి తీస్తారు, టానిక్కు తెస్తారు. ఇంట్లో అన్నం ఉండగా పిల్ల లావైపోతానన్న భయంతో పస్తుంటోందన్న ఆలోచన మాత్రం రాదు.

ఫిజీ దీవుల్లోనూ ఇలాంటిది తమకు రాదనే అనుకున్నారు. ఒళ్లు నిండుగా ఉంటేనే అందమనే సమాజం అది. 1995లో అక్కడి నద్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది. మూడేళ్ల తర్వాత హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ అడిగితే, బడికి పోయే ఆడపిల్లల్లో నూటికి 11 మందికి పైగా బరువు తగ్గాలని తిన్నది కక్కేస్తున్నామన్నారు. 1995లో అలా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇప్పుడు టీవీని మించినది పిల్లల చేతిలోనే ఉంది.

తెరమీద మెరిసేవాళ్లకూ సన్నబడాలన్న ఒత్తిడి తప్పలేదు. ‘నువ్వు నాకు నచ్చావ్’ నాయిక ఆర్తి అగర్వాల్ కొవ్వు తీయించుకున్న కొన్ని వారాలకే, 2015 జూన్ 6న అమెరికాలో కన్నుమూసింది. అప్పటికామె వయసు 31. మామూలు ఇళ్లలోనూ అంతే: 2025 మార్చిలో కేరళ కన్నూరు జిల్లాలో 18 ఏళ్ల పిల్ల తిండి మానుకుని మానుకుని ప్రాణం పోగొట్టుకుంది.

ఇంట్లో ఈ జబ్బు ఎలా కనబడుతుంది? పిల్ల రొట్టె తుంచి పప్పులో అద్దుతుంది, అటూ ఇటూ కదిలిస్తుంది, పళ్లెం అంచుకు నెడుతుంది. ‘హాస్టల్లోనే తిన్యా’ అంటుంది. తమ్ముడికి మాత్రం పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డిస్తుంది. ఇంకో పిల్ల అందరితో పాటే తిని, వెంటనే బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుతుంది. నెలసరి తప్పుతుంది. ఎండాకాలంలోనూ చలి అంటుంది. దువ్వెన నిండా వెంట్రుకలు.

చాలా ఇళ్లలో దీనికి విత్తనం వేసేది ఒక మాట. పెళ్లిలో ఎవరో చుట్టం, ‘ఏమే, ఇంత లావైతివి, రేపు నిన్నెవరు చేసుకుంటారు?’ అంటుంది. అంతకన్నా చెరుపు చేసేది మెచ్చుకోలు. పిల్ల లోలోపల కృశిస్తుంటే, ‘సన్నబడినావు, ఇప్పుడు బాగున్నావే’ అన్నామంటే ఆ జబ్బుకు మనమే నీళ్లు పోసినట్టు. మొండితనమని తిట్టి, కొట్టి అన్నం తినిపించడం కూడా పనికిరాదు. ఇది మనసుకు పట్టిన జబ్బు, దీనికి వైద్యం ఉంది.

సంగతి తెలిసిన రోజే కడుపునిండా కుక్కకూడదు. బహుకాలం పస్తున్న ఒంట్లో ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదముంది. డాక్టరు కనిపెట్టుకుని ఉండగా కొంచెం కొంచెం పెంచాలి. కళ్లు తిరిగి పడిపోతుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే, 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్లు రాత్రీ పగలూ, తెలుగులోనే, పైసా ఖర్చు లేకుండా మాట్లాడతారు. ఆ ఫోను పిల్లే చేసుకోవచ్చు, అమ్మానాన్నలూ చేయొచ్చు, అనుమానం వచ్చిన టీచరూ చేయొచ్చు.