రంగస్థల దీపములు: వానిని నడపు చిన్న పెట్టె

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



తెలుగు నాటకమున పద్యమును గూర్చి, రాగమును గూర్చి, పాత్రధారిని గూర్చి జరిగినంత చర్చ దీపమును గూర్చి జరుగలేదు. కరపత్రమున దీపములు నడపువాని పేరు పడుటయే అరుదు. పడినను చిట్టచివర, కుర్చీలు సరఫరా చేసినవాని పేరునకు ముందో వెనుకో పడును. అయినను దీపము సరిగా లేనిచో నటుని కన్నులు కానరావు. కన్నులు కానరాని అభినయము రేడియో నాటకముతో సమానము. దానిని చూడవచ్చినవాడు ఇంటనే కూర్చుండి వినవచ్చును. కావున ఈ వేదికమీద, బల్లపై నుంచబడిన చిన్న పెట్టెను గూర్చి కొన్ని మాటలు చెప్పుట అప్రస్తుతము కాదు. దీనిని లైటింగ్ కన్సోలు అందురు. పొడవున హార్మోనియము పెట్టెయంత, ఎత్తున అందులో సగము. ఒక మనిషి దీనిని చంకన పెట్టుకొని జక్రాన్‌పల్లిలో బస్సెక్కి ఆర్మూరులో దిగవచ్చును.

దీపకళ ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. బోధను చెంతనున్న అమ్దాపూరు వాసిని, 2005లో దివంగతురాలైన చిందుల ఎల్లమ్మ వంటి నటీమణులు నిలిపిన చిందు యక్షగానము తరతరములుగా ఆరుబయట, రాత్రంతయు సాగిన కళ. పూర్వము వీథినాటకములన్నిటికిని వెలుతురు నూనెగుడ్డల దివిటీయే. దివిటీ పట్టువాడు ఊరక నిలుచుండువాడు కాడు. పాత్ర ముందునకు వచ్చిన తానును ముందునకు వచ్చును. పాత్ర మొగము తిప్పిన దివిటీ తిప్పును. నేడు పట్టణపు నాటకశాలలందు ఫాలోస్పాట్ అను పెద్ద దీపము చేయు పని ఇదియే. కూచిపూడి భాగవతులు పాత్రప్రవేశమున దివిటీపై గుగ్గిలపు పొడి చల్లి భగ్గుమనిపించెడివారు. ఏ క్షణమున వెలుగు పెరుగవలెనో, ఎవరి కొరకు పెరుగవలెనో వారికి తెలియును. ఈనాటి దీపశిల్పులు క్యూ అని పిలుచునది అదియే.

తరువాత పెట్రోమాక్సు దీపములు వచ్చినవి. వెలుతురు హెచ్చినది కాని, దీపము మాట వినుట మానినది. దానిని తగ్గించుటకు వీలులేదు. వేదిక చీకటి కావలెనన్న దీపమునే లోనికి మోసికొని పోవలెను. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు గారు ప్రారంభించిన సురభి సమాజమువారి నాటకములందు నారదుడు ఆకాశమున దిగుట, మాయలు కనిపించి మాయమగుట ప్రసిద్ధములు. తీగ పట్టి దింపుట యొక పని. ఆ తీగ ప్రేక్షకునకు కనబడకుండ దీపము నుంచుట అంతకంటె పెద్ద పని. మెచ్చుకొనువారందరు నారదుని మెచ్చుకొందురు.

విద్యుద్దీపముతో నాటకశాలను వెలిగించుట 1881లో లండను సవాయ్ థియేటరునందు మొదలైనది. అక్కడ సుమారు 1,200 దీపములను అమర్చిరి. విద్యుత్తుకు అడ్డము కల్పించి దీపమును క్రమముగా తగ్గించు విద్యయు అప్పటినుండియే వచ్చినది. ఈ విద్యలో బీదవాని సాధనము ఉప్పునీటి కుండ. పింగాణి జాడీలో ఉప్పునీరు పోసి, అడుగున నొక లోహపు పలక, పైన నింకొక పలక నుంచి, ఈ రెంటిగుండ దీపమునకు కరెంటు పంపెదరు. పై పలకను క్రిందికి దించినకొలది దీపము వెలుగును. పైకి లేపినకొలది మందగించును. చక్కగా పని చేయును, ఖర్చు లేదు. కాని నీరు కాగును, ఆవిరి లేచును, చేయి తడియును. తడిచేతికిని 230 వోల్టులకును మధ్య నొక తాడు, ఒక కర్రముక్క తప్ప రక్షణ లేదు. భారతదేశమున ఔత్సాహిక సమాజములెన్నో ఈ జాడీలతోనే సూర్యోదయములను, సూర్యాస్తమయములను చూపినవి. ఆ సాహసమును మెచ్చుకొనవచ్చును గాని, నేడెవ్వరును దానిని అనుకరింపరాదు.

పెట్టె చిన్నదగుటకు చాలకాలము పట్టినది. 1935లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ బెంథాం అను నతడు దీపములను నడపుటకు ఆర్గను వాద్యపు మెట్లనే వాడి ఒక కన్సోలు నిర్మించెను. అది నిజముగా ఆర్గనంతయే యుండెను. 1957లో అమెరికానందు జనరల్ ఎలక్ట్రిక్ వారు వెలువరించిన థైరిస్టరు అను చిన్న సాధనము వలన డిమ్మరులు చల్లబడినవి, తేలికపడినవి. 1975లో న్యూయార్కునందు ‘ఎ కోరస్ లైన్’ అను నాటకమునకు థారన్ మస్సర్ అను దీపశిల్పిని జ్ఞాపకశక్తిగల కన్సోలును వాడెను. బ్రాడ్వేలో అది మొదటిది. 1986లో అమెరికా నాటక సాంకేతిక సంఘమువారు డి.ఎం.ఎక్స్. 512 అను ఉమ్మడి భాషను ఏర్పరచిరి. అంతకుముందు ఒక సంస్థవారి కన్సోలు మరియొక సంస్థవారి డిమ్మరుతో మాటాడుట దుర్లభము. పశ్చిమదేశపు ఆర్గను ఏ రీతిగా కుదించుకొని హార్మోనియమై తెలుగు నాటకమున ప్రవేశించినదో, ఆ రీతిగానే ఈ దీపయంత్రము కూడ కుదించుకొని నేడు బల్లమీదికి వచ్చినది.

దీని పని సులువుగా తెలియును. పైన వరుసగా నున్న జారుడు మీటలను ఫేడరులు అందురు. ఒక ఫేడరును పైకి జరిపిన ఒక సంఖ్య పుట్టును. అట్టడుగున 0, కొసన 255. ఈ సంఖ్యలు సన్నని తీగగుండ ఒకటి వెంట నొకటిగా, సెకండునకు సుమారు 44 మారులు, దీపములకు చేరును. ఒక తీగపై 512 సంఖ్యలు పోవును. ప్రతి దీపమునకును ఒక చిరునామా కలదు. తపాలా బంట్రోతు ఇంటినెంబరు చూచినట్లు, దీపము తన నెంబరునకు వచ్చిన సంఖ్యను మాత్రమే గ్రహించి తక్కినవానిని పోనిచ్చును. తీగ మొదటి దీపమునుండి రెండవదానికి, రెండవదానినుండి మూడవదానికి గొలుసుగా పోవలెను. కొసన 120 ఓముల చిన్న నిరోధకము తగిలింపనిచో సంకేతము వెనుకకు మరలి దీపములు అకారణముగా మినుకుమినుకు మనును. పల్లెలలో దీనిని దయ్యపు చేష్ట యనుకొని కన్సోలును దుకాణమునకు త్రిప్పి పంపినను ఆశ్చర్యము లేదు. నిజమునకు కొరవడినది కొద్ది రూపాయల ముక్క.

ఇందు ముఖ్యవిషయ మొకటి కలదు. ఈ సన్నని తీగలో పోవునది సంకేతమే గాని దీపమును వెలిగించు కరెంటు కాదు. నడపువాని చేయి ప్రమాదమునకు దూరమైనది. అంతేకాదు, అతడు వేదిక ప్రక్కన, తెరచాటున, నాటకము కనబడని మూల నిలుచుండ నక్కరలేదు. ప్రేక్షకుల వెనుక కూర్చుండి, ప్రేక్షకుడు చూచునదే తానును చూచుచు దీపములను నడుపవచ్చును. పదవ తరగతి చదువు బాలికయైనను ఈ పని నేర్వవచ్చును. గ్రామ సమాజము ఒక్క రాత్రికి పట్టణమునుండి దీపములను, దీపములతో మనిషిని, మనిషితో అతని ఇష్టమును కూడ అద్దెకు తెచ్చుకొనవలసిన అగత్యము తగ్గినది.

ఖర్చు మాట. పాత హాలొజెన్ పార్ దీపము ఒక్కటి 1,000 వాట్లు. అట్టివి 12 పెట్టిన 12,000 వాట్లు. 230 వోల్టులవద్ద 52 ఆంపియర్లకు మించును. గ్రామములోని సాధారణపు కనెక్షను దానిని భరింపజాలదు, జెనరేటరు తేవలెను. నేటి ఎల్.ఇ.డి. దీపము 150 వాట్లదని యనుకొన్న, 12 దీపములకు 1,800 వాట్లు, 8 ఆంపియర్లకు లోపు. ఒక్కొక్క దీపమునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము, తెలుపు చొప్పున 4 చిరునామాలు, మొత్తము 48. ఈ పెట్టెకు అది లెక్కయే కాదు. హెచ్చరిక యొకటి: ఎల్.ఇ.డి. దీపములను పాత డిమ్మరులకు తగిలింపరాదు. అవి నేరుగా మెయిన్సునకే, ఎర్తు తీగతో సహా తగులవలెను. తగ్గుట హెచ్చుట వాని లోపలనే జరుగును.

కొనదలచినవారు ఒక్క భేదమును గుర్తింపవలెను. పెండ్లి బరాతులకు, డి.జె. వేదికలకు దీపములను అద్దెకిచ్చువారివద్ద 192 చానళ్ల పెట్టె యొకటి సర్వత్ర కనబడును. 12 దీపములు, దీపమునకు 16 చానళ్లు, 240 దృశ్యములు. చౌక, గట్టిది, పాటకు తగినట్లు దీపములను పరుగెత్తించుటకు దానిని మించినది లేదు. నాటకమునకు మాత్రము అది తగదు. నాటకమునకు కావలసినది క్యూల వరుస: మొదటి వెలుగునుండి రెండవ వెలుగునకు 5 సెకండ్లలో, రెండవదానినుండి మూడవదానికి 40 సెకండ్లలో మారవలెనని వ్రాసిపెట్టి, ‘గో’ అను ఒక్క మీటతో నడుపుకొనగల పెట్టె. పరిషత్తు పోటీలలో ఒక నాటిక ముగిసి మరియొక నాటిక ఆరంభమగు నడుమ దొరకు సమయము స్వల్పము. అట్టి తావున ముందుగనే వ్రాసికొన్న క్యూలను తెచ్చుకొన్న సమాజమునకును, అప్పటికప్పుడు ఫేడరులు వెదకుకొను సమాజమునకును గల అంతరము ప్రేక్షకులకు సైతము తెలియును.

అయితే పెట్టెకు జ్ఞాపకమున్నది గాని తెలివి లేదు. ఇందునకు పద్యనాటకమే మంచి నిదర్శనము. గ్రామములలో నేటికిని ఆదరణ తగ్గని బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర నాటకమున కాటిసీను కలదు. దానిలో జాషువా మహాకవి శ్మశానవాటి పద్యములు చేరి ఎన్నడో నాటకభాగములై పోయినవి. క్యూలన్నిటికి గడియారపు లెక్క కట్టి, తమంత తామే ఒకదాని వెంట నొకటి మారునట్లు పెట్టెకు చెప్పవచ్చును. పద్యము ముగిసినది, సభలో నలుమూలల ‘వన్స్‌మోర్’ అని కేకలు! హరిశ్చంద్రుడు ఆ పద్యమును మరల ఎత్తుకొనును. పెట్టె మాత్రము తన లెక్క ప్రకారము తెల్లవారజేయును. కాటిలో సూర్యుడుదయింపగా హరిశ్చంద్రుడు నడిరేయి పద్యమును పాడుచుండును. కావున పద్యనాటకమునకు ప్రతి క్యూను చేతితోనే నొక్కవలెను. రాగము సాగుచున్నంతసేపు దీపమును కదపరాదు. హార్మోనియము వాయించువానికి గాయకుని ఊపిరి తెలిసినట్లు, దీపము నడపువానికిని తెలియవలెను.

ఇక్కడనే గ్రంథాలయమునకు పని కలదు. దీపములు నడపువాడు నాటకమును ప్రదర్శన రాత్రి మొదటిసారి చూచుట వ్యవహారమైపోయినది. అతడు మొదట చేతబట్టవలసినది ఫేడరు కాదు, నాటకప్రతి. ప్రతిలో అంచున పెన్సిలుతో వ్రాసికొనవలెను: చంద్రమతి బిడ్డను నేలపై నుంచిన మాటవద్ద ఎడమదీపము 8 సెకండ్లలో సగమునకు తగ్గవలెను, చితివెలుగు క్రిందనుండి రావలెను, హరిశ్చంద్రుని మొగము మీద తెలుపు 30 పాళ్లకు మించరాదు. 1959లో కలకత్తా మినర్వా థియేటరునందు ఉత్పల దత్తు గారి ‘అంగార్’ నాటకమునకు తాపస్ సేన్ గారు దీపములు కూర్చి, బొగ్గుగనిలో నీరు నిండి కార్మికులు మునుగు దృశ్యమును నీటిచుక్క లేకుండ కేవలము వెలుగుతో చూపిరి. 2006లో ఆయన కాలధర్మము నొందిన పిదప కూడ ఆ దృశ్యమును జనులు తలచుకొనుచున్నారు. అప్పటికి ఈ పెట్టె లేదు. గని మునిగినపుడు వెలుగు ఎట్లు కదలునో ఆలోచించిన మనసున్నది. అట్టి ప్రతులు, అంచున పెన్సిలు వ్రాతలతో సహా, గ్రంథాలయపు బీరువాలో ఒక అరయందు భద్రపరచిన, వచ్చు సంవత్సరము నాటకము వేయు పిల్లలు మొదటినుండి మొదలుపెట్ట నక్కరలేదు.

చిందు యక్షగానమును గూర్చి ఒక మాట చెప్పక తీరదు. చిందు కళాకారులు మొగమునకు పసుపుపచ్చని అర్దళము పూసికొందురు. పచ్చని రంగుపై నీలపు కాంతి పడిన ఆ మొగము నలుపుదేరి, రోగి మొగమువలె కనబడును. పసుపు రంగు నీలకాంతిని మ్రింగునే గాని తిరిగి పంపదు. ఎల్.ఇ.డి. దీపము చేతికి దొరికినంతనే నీలము, ఊదా, ఆకుపచ్చ గిరగిర త్రిప్పవలెనను ఉబలాటము సహజమే. కాని నాలుగు తరముల విద్యను వేషమున ధరించి వచ్చిన మనిషిని నీలదీపముతో చంపుట అన్యాయము. చిందునకు కావలసినది దివిటీరంగు వెచ్చని వెలుగు, రెండు వైపులనుండి, తెల్లవారుదాక మార్పులేక. అట్టి రాత్రి కన్సోలు నడపువాడు రెండు ఫేడరులను లేపి, చేతులు కట్టుకొని కూర్చుండవలెను. అదియు దీపకళయే, బహుశః కష్టతరమైనది.

మిగిలినవి చిన్న సంగతులు. జక్రాన్‌పల్లి పసుపు పండు సీమ. కొమ్ములకు మెరుగుపెట్టు దినములలో పచ్చని దుమ్ము ఊరంతయు క్రమ్ముకొనును. ఫేడరు సందులలో చేరిన మీట గరగరలాడును, వెలుగు ఎగిరిపడును. పని ముగిసిన వెంటనే దళసరి గుడ్డ కప్పవలెను. కరెంటు రెప్పపాటు పోయి వచ్చిన దీపములు వెంటనే వెలుగును గాని, కన్సోలు లేచి తన లెక్కలు సరిచూచుకొనుటకు సమయము పట్టును. అంతదాక వేదిక తన ఇష్టము వచ్చినట్లుండును. కంప్యూటరులకు వాడు చిన్న యు.పి.ఎస్. ఒకటి పెట్టెకు మాత్రము తగిలించిన చాలును.

ఇప్పుడు సభామందిరమున దీపములు ఆర్పివేసి, కాటిసీనుకు వ్రాసిన నాలుగు క్యూలను వరుసగా చూపుట జరుగును. ముందువరుసలోని బాలబాలికలు తీగలు త్రొక్కకుండ కాళ్లు వెనుకకు తీసికొని కూర్చుండవలెనని కోరబడుచున్నారు.