ఒంగోలు నుంచి తాంబరం దాకా



క్రైస్తవం ఇతర మతాలను ఎలా చూసింది అని అడిగితే మన విశ్వవిద్యాలయాల్లో తయారుగా ఒక జవాబు ఉంటుంది. క్రీస్తు దగ్గర తప్ప రక్షణ లేదనేవారు ఒక వర్గం. ఇతర మతాల్లోనూ ఆయన వెలుగు ఉందనేవారు రెండో వర్గం. దారులు ఎన్నయినా అన్నీ సమానమేననేవారు మూడో వర్గం. ఈ మూడు గదుల్లో వేదాంతులందరినీ కూర్చోబెట్టి తాళం వేస్తే పరీక్షకు సరిపోతుంది. తెలుగు నేల మీద జరిగింది మాత్రం వాటిలో ఇమడదు. ఇక్కడ జవాబు ముందుగా ఆరాధనలో వచ్చింది, గ్రంథాల్లోకి తర్వాత ఎక్కింది. అదీ అందరికీ ఒకటే జవాబు కాదు. ఏ వీధి నుంచి వచ్చాడన్నదాన్ని బట్టి మనిషి చూపు మారింది.

ఒంగోలుతో మొదలుపెడతాను. 1866లో అక్కడికి చేరిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన మాదిగలకు మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలను పూజించకూడదు. పైకి చూస్తే మూడోది ఒక్కటే అన్యమతానికి సంబంధించినది. ఊళ్లో దాని అర్థం వేరు. అమ్మవారి జాతరకు డప్పు కొట్టడం మాదిగకు భక్తి మాత్రమే కాదు, ఊరి కట్టుబాటు కింద చెయ్యాల్సిన చాకిరీ. డప్పు కొట్టనన్నవాడు దేవతనొక్కదాన్నే కాదనలేదు, మోతుబరి మాటను కాదన్నాడు. అందుకే గొడవ గుడి దగ్గర ఆగలేదు. కరణం దాకా వెళ్లింది. కొన్నిచోట్ల కూలి పనులు పోయాయి, నీళ్లు పుట్టలేదు. అప్పటి పెద్ద కరువు చివరి రోజుల్లో, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని లెక్క చెప్పి ఊరుకుంటాం. ఆ బాప్తిస్మంతో ఊరి లెక్కలో ఏం తారుమారైందో చెప్పం.

ఇక విగ్రహారాధన వద్దన్న మాట ఓడ దిగి వచ్చిందని అందరూ అనుకుంటారు. అక్కడే తిరకాసు. ఒంగోలు ఉద్యమానికి ఆద్యుడు యర్రగుంట్ల పేరయ్య. చెప్పులు కుట్టే కులంవాడు. క్లౌను కలవడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆయన రాజయోగం నేర్చుకున్నాడు, అదీ ఒక స్త్రీ గురువు దగ్గర. దేవుడు ఒక్కడే, ఆత్మ స్వరూపుడు, రాళ్లలో లేడు అన్నది ఆ సంప్రదాయంలో వినిపించే మాటే. పోతులూరి వీరబ్రహ్మం పేరు ఆ వాడల్లో అప్పటికే తిరుగుతోంది. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో అచ్చువేసిన 'వైల్ సూయింగ్ శాండల్స్' పుస్తకంలో ఇదంతా రాశారు. తన మనుషులు నమ్మిన పాత బాటను ఆమె చీకటి అని కొట్టిపారెయ్యలేదు, శ్రద్ధగా నమోదు చేశారు. నా దృష్టిలో తెలుగు క్రైస్తవ చరిత్రకు ఇది మూలాధార గ్రంథం. మనవాళ్లు దీన్ని చదవాల్సినంతగా చదవలేదు. పేరయ్య పాత మతాన్ని వదిలి కొత్త మతంలోకి గెంతలేదు. తన మతంలోనే ఉన్న ఒక తిరస్కారాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఇదే ప్రశ్నకు మరో వీధి నుంచి వచ్చిన జవాబు చూడండి. పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందినవాడు. గద్యంలో ఆయన గట్టి ఖండనకారుడు. కులాచారాన్ని, విగ్రహారాధనను నిలదీశాడు. పాట దగ్గరికి వచ్చేసరికి మనిషే వేరు. ఆయన పాటలు చేరిన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరిస్తే చాలా పేజీల్లో పైన రాగం పేరు, తాళం పేరు, కింద పల్లవి, ఆ తర్వాత చరణాలు. త్యాగరాజు పాటల పుస్తకం ఎలా ఉంటుందో అలాగే. హృదయం కరిగి దేవుడి ముందు మొరపెట్టుకునే ఆ తీరు ఆయన పుట్టిన ఇంటి భక్తి నుంచే వచ్చింది. వాదించేటప్పుడు వదిలేసినదాన్ని పాడేటప్పుడు చేరదీశాడు. ఇది కపటం అని నేను అనను. మనిషి మెదడులో మారినంత త్వరగా గొంతులో మారడు. సంఘాలు కూడా ఆ పాటల్ని అలాగే పుచ్చుకున్నాయి. మాలవాడ గుడిలోనూ మాదిగవాడ గుడిలోనూ కర్ణాటక రాగాలు మారుమోగడానికి ఆ పుస్తకమే దారి వేసింది. ఇదొక్కటి చాలు, ఒక డాక్టరేటుకి.

పాటలో జరిగింది కట్టడంలోనూ కనిపిస్తుంది. దోర్నకల్లు క్రైస్తవ గుడి గురించి చూసినవారికి చెప్పనక్కర్లేదు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య దాన్ని కట్టించాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. మసీదును తలపించే గుమ్మటాలు, లోపల దక్షిణాది ఆలయాల తీరు స్తంభాలు, వాటి మీద తామరలు. అదే అజరయ్య మతమార్పిడి విషయంలో గాంధీజీతో గట్టిగా విభేదించాడు. పొరుగు మతపు శిల్పాన్ని గౌరవించినంత మాత్రాన పొరుగువాడితో వాదన మానాలని ఆయన అనుకోలేదు.

ఆ గుడి ప్రతిష్ఠకు కొద్ది రోజుల ముందు, 1938 డిసెంబరులో, మద్రాసు పక్కన తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ సభ జరిగింది. దానికోసమే డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ పెద్ద పుస్తకం రాశాడు. బైబిలు వెల్లడికీ మానవ మతాలకూ మధ్య వంతెన లేదన్నది అందులోని సారం. ఎదురు నిలిచినవాళ్లలో ఒక తెలుగువాడు ఉన్నాడు. నెల్లూరు బిడ్డ పండిపెద్ది చెంచయ్య, పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తి. ఆయనా, మిత్రులూ కలిసి అదే ఏడు 'రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా' వెలువరించారు. క్రేమర్‌కు హిందూ మతం బయట నుంచి చూసే వస్తువు. చెంచయ్యకు అది లోపల ఉన్నది, తన ఆధ్యాత్మిక వారసత్వం. దాన్ని తుడిచేసుకుని క్రీస్తు దగ్గరికి వెళ్లమంటే మనిషిలో సగాన్ని బయట వదిలి రమ్మన్నట్టే. ఆయన దృష్టిలో క్రీస్తు కొత్త చర్చి కాదు, కొత్త సృష్టి.

నాకు చెంచయ్య అంటే ఎంతో గౌరవం. అయినా ఒకటి అడగాలి. ఏ వారసత్వం? ఉపనిషత్తులా, పోశమ్మ జాతరా? చెంచయ్య వారసత్వం అన్నప్పుడు పుస్తకాలు గుర్తొస్తాయి. పేరయ్య మనవలకు గుర్తొచ్చేది గుడి బయట నిలబడ్డ చోటు. 1980ల్లో అరవింద్ నిర్మల్ దళిత వేదాంతం అంటూ మొదలుపెట్టిన వాదన సరిగ్గా ఇదే: భారతీయ క్రైస్తవ చింతన బ్రాహ్మణ సంప్రదాయంతోనే మాట్లాడుతూ పోయి, సంఘంలో అత్యధికుల అనుభవాన్ని పక్కన పెట్టింది. 1965 అక్టోబరు 28న రెండో వాటికన్ సభ ఇతర మతాల్లోని సత్యాన్నీ పవిత్రతనూ తిరస్కరించబోమని ప్రకటించడం పెద్ద మలుపే. కానీ ఏ ఊళ్లోనైనా మతం అంటే సత్యం, పవిత్రత మాత్రమేనా? బావి గట్టు మీద హద్దు కూడా.

ఈ సందర్భంలో కవి జాషువాను తలవకుండా ముందుకు పోలేను. క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టినవాడు, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్నవాడు. అయినా 1941 నాటి 'గబ్బిలం'లో ఆయన అంటరానివాడి మొర పెట్టింది శివుడికి. ఆలయంలోకి గబ్బిలానికి అడ్డు లేదు గనుక దాన్ని దూతగా పంపాడు. ఈ కావ్యాన్ని మూడు గదుల్లో దేంట్లో పెడతాం? శివుణ్ణి కాదనలేదు, ఒప్పుకోనూ లేదు. నిలదీశాడు. పరమతపు దేవుణ్ణి న్యాయం అడగడం కూడా ఒక దృక్పథమే. వేదాంత కళాశాలల పాఠ్యాల్లో దానికి చోటివ్వాలి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పొరుగు దేవుళ్లను వెక్కిరించి చప్పట్లు కొట్టించుకునే బోధకులు ఈ రోజుల్లో ఫోన్ల నిండా ఉన్నారు. వాళ్లకు జవాబిస్తూ కూర్చోవడం ఈ సదస్సు పని కాదు. మన ముందున్న పని పాత సంఘాల బీరువాల్లో ఉంది. కుటుంబ రిజిస్టర్లు, పెద్దల సభల మినిట్సు పుస్తకాలు చెద పట్టిపోతున్నాయి. ఎవరు జాతరకు వెళ్లి క్షమాపణ చెప్పారు, ఎవరు డప్పు కొట్టి సంఘ క్రమశిక్షణకు గురయ్యారు, ఎవరి పెళ్లిలో తాళి గురించి తగవు వచ్చింది అన్న సంగతులకు అవే ఆధారం. వాటిని స్కాన్ చేయించే బాధ్యత ఎవరు తీసుకుంటారో రేపటి ముగింపు సమావేశంలోగా తేల్చమని నిర్వాహకులను కోరుతున్నాను. మొదటి పత్రం కీర్తనల మీద. సమర్పకులు వేదిక మీదికి రావాలి.