నంపై కుదరనప్పుడు

రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. తాతలు రైళ్లు నడిపితే, తోర్వాలాంటి పేటల్లో మనవలు ల్యాప్‌టాప్‌లో పైథాన్ నేర్చుకుంటున్నారు. వాళ్ల పని తరచూ ఆగిపోయేది ప్యాకేజీల వెర్షన్ల దగ్గర.

పైథాన్‌లో అంకెల లెక్కలకు వాడే ప్యాకేజీ నంపై. 2024 జూన్‌లో దాని 2.0 వచ్చింది. 2006లో 1.0 విడుదలయ్యాక పెద్ద అంకె మారడం అదే మొదటిసారి. పాత నంపైతో కంపైల్ చేసిన ప్యాకేజీలు కొత్తదాంతో నడవక మొరాయించాయి. ఇక్కడివాళ్లకు ఇది గేజ్ మార్పిడి లాంటిది: 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, నాగ్‌పూర్-ఛత్తీస్‌గఢ్ మీటర్ గేజ్‌ను బ్రాడ్ గేజ్ చేసింది. పట్టాల వెడల్పు మారాక పాత ఇంజన్ ఎంత బాగున్నా పనికిరాదు.

ఎర్రర్ చూడగానే చాలామంది పైథాన్‌నే తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. దండగ. ఏ వెర్షన్ కావాలో చెప్పకపోతే, ప్యాకేజీలు ఎక్కించే పిప్ మళ్లీ సరికొత్తదాన్నే తెస్తుంది. ముందు ఆ పొడవాటి సందేశాన్ని చదవాలి; మొరాయించిన ప్యాకేజీ పేరు అందులోనే ఉంటుంది. దాన్ని అప్‌గ్రేడ్ చేయాలి. పాండాస్ అయితే 2.2.2 నుంచి కొత్త నంపైతో నడుస్తుంది. కొత్త విడుదల లేని ప్యాకేజీ అయితే నంపైనే వెనక్కి తేవాలి: పిప్ ఇన్‌స్టాల్, తర్వాత డబుల్ కోట్స్ మధ్య నంపై, లెస్ దేన్ గుర్తు, 2. కోట్స్‌ను కూడా రాసుకోవాలి. అవి లేకపోతే టెర్మినల్ ఆ గుర్తును ఫైలు తెరవమన్న ఆదేశంగా తీసుకుంటుంది.

ఒక్కోసారి పైథానే మరీ కొత్తది. కోర్సు పుస్తకం నంపై 1.24 అడుగుతుంది, మెషీన్‌లో పైథాన్ 3.12 ఉంటుంది. ఆ జంటకు సిద్ధంగా కట్టిన ఫైలు లేదు, పైథాన్ 3.12కి అలాంటి ఫైళ్లు నంపై 1.26 నుంచే మొదలు. పిప్ సోర్స్ నుంచి కట్టబోయి విఫలమవుతుంది. విద్యార్థి కంపైలర్ కోసం గిగాబైట్ల కొద్దీ డేటా ఖర్చుపెడతాడు, ఫలితం సున్నా. పైథాన్ 3.11 పెట్టుకుంటే సరిపోయేది.

ఉబుంటు లినక్స్‌లో మరో అడ్డంకి: 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌లో పిప్ నేరుగా ఏదీ ఎక్కించదు. దాన్ని దాటడానికి ఒక ఆప్షన్ ఉంది, పేరు 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్'. పేరులోనే హెచ్చరిక ఉన్నా వాడేవాళ్లు వాడుతూనే ఉన్నారు! దానికన్నా ప్రతి ప్రాజెక్టుకూ వేరే వెన్వ్, అంటే ప్యాకేజీలను విడిగా ఉంచే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, పెట్టుకోవడం మేలు. 2012లో 3.3తో వచ్చినప్పటి నుంచీ అది పైథాన్‌లోనే ఉంది. పని కుదిరాక పిప్ చెక్ నడిపి, పిప్ ఫ్రీజ్‌తో వెర్షన్లను ఫైలులో దాచుకోవాలి. ఆ జాబితాలో పైథాన్ వెర్షన్ రాదు కాబట్టి, దాన్ని మొదటి వరుసలో కామెంటుగా చేత్తో చేర్చాలి.