ఒన్సుమోరు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయినది. ఉగాది పచ్చడి అందరమూ రుచి చూచినాము. ఇక సంగీతాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. నేను విద్వాంసుణ్ణి కాను, వరి పండించుకునేవాణ్ణి. అయితే పాట విన్న చెవులు వున్నవి. ఆ చెవులకు తెలిసినదే మనవి చేస్తాను.

1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు వదలిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి మనవాళ్ళు యీ ప్రాంతానికి వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. మా నాన్నగారూ అలాగే కెంచనగుడ్డ దగ్గర నల్లరేగడి కొని, గుడిసె వేశారు. ఆ యేడే బళ్ళారి మైసూరు రాష్ట్రములో చేరినది. ఆలూరు, ఆదోని, రాయదుర్గము ఆంధ్రలోకి వెళ్ళినవి. "పరాయి రాష్ట్రములో పిల్లలకు తెలుగెట్లా వస్తుంది?" అని మా అమ్మ బెంగపెట్టుకునేదట. ఆ బెంగ తీర్చినది బడి కాదు, నాటకము.

నాకు పదేళ్ళప్పుడు పంట నూర్చిన కళ్ళములో హరిశ్చంద్ర ఆడించారు. పెట్రోమాక్సు దీపాలు, గోనెపట్టాల తెర. కాటిసీను వచ్చేసరికి రాత్రి రెండు గంటలు దాటినది. హరిశ్చంద్రుడు పద్యము ఎత్తుకుని, చివర రాగము తీశాడు. హార్మోనియం ఆయన వెంట నడిచినది. జనములోనుండి "ఒన్సుమోరు" అని కేక వచ్చినది. వెనక్కి తిరిగి చూస్తే, ఆ కేక వేసినది మా పొలం పక్క కన్నడ గౌడగారు! ఆయనకు తెలుగు పద్యము సగము అర్థము కాదు. రాగము మాత్రము పూర్తిగా అర్థమైనది. మరునాడు ఆయన మా యింటికి వచ్చి మా నాన్నగారితో కాఫీ తాగారు. అంతకుముందు వారిద్దరికీ కాలువ నీటి దగ్గర మాటలు లేవు.

మనము యిక్కడికి తెలుగు నాటకము మోసుకొచ్చామని చాలాకాలము గర్వపడేవాణ్ణి. అది నా అజ్ఞానము. తెలుగు నాటకానికి బళ్ళారి పుట్టినిల్లువంటిది. ఇక్కడి న్యాయవాది ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853–1912) సరసవినోదినీ సభ పెట్టి, చిత్రనళీయము వంటి నాటకాలు వ్రాసి ఆడించారు. పద్యాలతో పాటు పాటలనూ నాటకములో ప్రవేశపెట్టారు. ఆంధ్ర నాటక పితామహుడని ఆయనకు పేరు. అదే వూళ్ళో కోలాచలం శ్రీనివాసరావుగారు (1854–1919) సుమనోరమ సభ పక్షాన చారిత్రక నాటకాలు నడిపారు. ఒక వూరికి రెండు సభలు. పోటీ వున్నచోట శ్రోతకు విందు గదా!

ధర్మవరంవారి మేనల్లుడు బళ్ళారి రాఘవగారు (1880–1946). ఆయన పుట్టినది తాడిపత్రిలో, వృత్తి బళ్ళారిలో న్యాయవాదిత్వము. మేనమామ నాటకానికి పాట తెస్తే, మేనల్లుడు పాట తగ్గించమన్నాడు. పాత్ర ఏడ్వవలసిన చోట నటుడు రాగాలు తీస్తూ కూర్చుంటే రసము చెడుతుందని ఆయన వాదము. సంగీతము ఎక్కువా, నాటకము ఎక్కువా అనే తగవు అప్పటినుండి యిప్పటివరకు తెగలేదు. రాఘవగారి మాటలో న్యాయము వున్నది. కాని కళ్ళములో ఆ రాత్రి విన్న నా చెవులు మేనమామ పక్షమే.

ఈ సంగీతము ఎట్లా నడుస్తుందో పిల్లలకు చెప్పాలి. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలము, మత్తేభము, సీసము వంటివి పద్యాలు. పద్యానికి తాళము లేదు. గాయకుడు ఎక్కడ ఆగుతాడో, ఏ మాట మీద మోహన చూపుతాడో, ఎక్కడ కల్యాణిలోకి మళ్ళుతాడో అతనికే ముందుగా తెలియదు. హార్మోనిస్టు అతని గొంతును, కళ్ళను కనిపెట్టి వుండి, ఊపిరి తీసుకునే సందులో స్వరము నింపాలి. ఆకాశవాణిలో 1940 నుండి 1971 వరకు హార్మోనియానికి ప్రవేశము లేదు. మెట్ల వాద్యము గమకము పలుకదని పండితుల అభ్యంతరము. ఆ కాలములోనూ నాటకములో మాత్రము అదే రాజ్యమేలినది.

నటుల స్వేచ్ఛ మరొకటి చెబుతాను. కాటిసీనులో మనము ఎదురుచూసే జాషువాగారి (1895–1971) పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి సత్యహరిశ్చంద్రీయములోనివి కావు. ఆ పద్యాలు సందర్భానికి అతికినవని నటులు తెచ్చి కలిపారు. జనము మెచ్చారు. అవి నిలిచినవి.

మా అబ్బాయి న్యూయార్కులో వుద్యోగము చేస్తున్నాడు. వాడి దగ్గరకు వెళ్ళినప్పుడు విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్బుకు తీసుకువెళ్ళాడు. 1935లో మాక్స్ గోర్డన్ అనే ఆయన పెట్టినది. మెట్లు దిగి నేలమాళిగలోకి పోవాలి. మన క్యాంపు కల్యాణమండపములో నాలుగోవంతు కూడా వుండదు. వాద్యకారులు ముందు పాట వరుస అందరూ కలిసి వాయిస్తారు. తరువాత ఒక్కొక్కరు ఆ చట్రములోనే అప్పటికప్పుడు కల్పన చేస్తారు. మిగిలినవాళ్ళు అతని చూపు కనిపెట్టి అండగా వుంటారు. నాకు మా కళ్ళము గుర్తుకు వచ్చినది. 1961 జూన్ 25న బిల్ ఎవాన్స్ అనే పియానో వాద్యకారుడు తన బృందముతో అక్కడ వాయించినది రికార్డు చేశారు. అందులో శ్రోతల గ్లాసుల చప్పుడు కూడా వినబడుతుంది. ఆ చప్పుడును ఎవరూ తప్పు పట్టరు. శ్రోత కూడా సంగీతములో భాగమే గదా!

నన్ను ఆలోచనలో పడవేసినది మరొక సంగతి. ఆ క్లబ్బులో 1966 ఫిబ్రవరి నుండి ప్రతి సోమవారము ఒక పెద్ద వాద్యబృందము వాయిస్తూ వస్తున్నది. మొదలుపెట్టినవారు పోయారు. కరోనా రోజుల్లో తలుపులు మూసుకున్నవి. మళ్ళీ తెరిచారు. కళ తనంతట తాను బ్రతకలేదు. సోమవారము నాడు టిక్కెట్టు కొని మెట్లు దిగేవాళ్ళు వున్నారు గనుక బ్రతికినది.

మనమేమి చేశాము? ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితము ఉగాదికి ఖర్చు తగ్గించాలని కార్యవర్గములో ప్రతిపాదించినది నేనే. హార్మోనియానికి, తబలాకు ఇచ్చే డబ్బు మిగిల్చి, సంగీతాన్ని పెన్‌డ్రైవులో తెప్పించాము. ఆ రాత్రి పద్యము బాగా వచ్చినది. జనము "ఒన్సుమోరు" అన్నారు. గాయకుడు మళ్ళీ ఎత్తుకోబోయాడు. యంత్రము మాత్రము తరువాతి పద్యములోకి వెళ్ళిపోయినది! పాపము, ఆయన నోరు తెరిచి నిలుచుండిపోయాడు. పిల్లలు నవ్వారు.

ముప్పై యేళ్ళు మన నాటకాలకూ, కన్నడ నాటకాలకూ వాయించిన వృద్ధ హార్మోనిస్టు ముందు వరుసలో కూర్చుని వున్నారు. ఈసారి వద్దని ఆయనకు ఎవరూ కబురు చెప్పలేదు. చెప్పవలసినది నేను, చెప్పలేకపోయాను. మనుమడి మోటారుసైకిలు మీద పెట్టె తెచ్చుకున్నారు. మూత తీయకుండానే తీసుకుపోయారు. ఒక్క మాట అనలేదు. మరుసటి యేడు ఆయన కాలము చేశారు. నేను క్షమాపణ చెప్పుకోనేలేదు. ఈ సభలో చెప్పుకుంటున్నాను.

చేసిన తప్పుకు మాటలతో తీరదు. కాబట్టి మూడు మనవులు. ఉగాది రాత్రి ఒక్క సీను అయినా సజీవ వాద్యముతో ఆడించండి. షామియానాకూ, భోజనాలకూ లెక్క వేయకముందే వాద్యకారుల పారితోషికము పక్కన పెట్టండి. మన పిల్లలలో ఇద్దరిని హార్మోనియం నేర్చుకోవడానికి పంపుదాము, వారితోపాటు ఒక కన్నడ ఇంటి బిడ్డను కూడా. నేర్పే గురువుగారికి ప్రతి పంటకూ రెండు బస్తాల సోనామసూరి నా వంతు.

ఆ గౌడగారి మనుమడు ఈ సభలోనే వున్నాడు. వచ్చే ఉగాదికి పద్యము బాగా వస్తే, బాబూ, మీ తాతగారి వలెనే గట్టిగా కేక వేయి. ఆ కేక విని మళ్ళీ వాయించడానికి ఒక మనిషి వేదిక మీద వుండేటట్లు మేము చూస్తాము.